ఆల్ సీజన్ టైరు పురాణం

పిట్స్‌బర్గ్‌లో తొలిమంచు పడిన ఉదయం రోడ్డు దిగిపోయి పక్క పొదల్లో కనిపించే కార్లలో ఆల్ వీల్ డ్రైవ్ కార్లేమీ తక్కువ ఉండవు. వాటి యజమానులందరిదీ ఒకటే ఆశ్చర్యం: నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారు ఆగలేదేమిటని. ఇంజను బలం కదలడానికి పనికొస్తుంది. ఆగడానికి కావలసినవి బ్రేకులు, అవి ఎంత చవక కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆ బ్రేకుల మాట రోడ్డు వినాలంటే మధ్యలో ఉన్న టైరు ఒప్పుకోవాలి. పదిహేను వందల కిలోల కారుకు నేలతో ఉన్న చుట్టరికమంతా నాలుగు అరచేతులంత రబ్బరు ముక్కే.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు, పెళ్ళితో వచ్చింది.

మా ఇంట్లో కారు మా ఆవిడది. నీలం రంగు సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, 271 గుర్రాల టర్బో ఇంజను, ఆరు గేర్లు, పైగా క్లచ్చి. అమెరికాలో క్లచ్చి తొక్కే జాతి అంతరించిపోతోంది గానీ, తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నగారి ట్రాక్టరు మీద డ్రైవింగు నేర్చుకున్న మనిషికి గేరు మార్చని ప్రయాణం ప్రయాణంలా అనిపించదు. నడపడం ఆవిడ శాఖ. ఇంజనాయిలు, వైపర్లు, ఇన్సూరెన్సు, టైర్లు నా శాఖలు. భయపడడం కూడా నా శాఖే. పక్క సీట్లో కూర్చుని శ్రద్ధగా నిర్వహిస్తుంటాను.

ఆ కారు షోరూము నుంచి వచ్చినప్పుడే సమ్మర్ టైర్లతో వచ్చింది. పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళి వాహన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. తడిలో ఆ టైర్ల పట్టు ఎంత గొప్పదో ఆ నిమ్మకాయలను అడగాలి. వేసవిలో వాటికి తిరుగు లేదు. చిక్కల్లా ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి దిగినప్పుడు. ఆ రబ్బరు మిశ్రమం బిగుసుకుపోయి, రోడ్డును పట్టుకోవడం మానేసి దాని మీద జారడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే చలిలో వాటిని నడిపితే రబ్బరుకు పగుళ్ళు కూడా రావచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని విన్నవాళ్ళం, చలికి టైరు పగులుతుందంటే నమ్మడానికి కాస్త టైము పట్టింది.

అక్టోబరు చివర్లో డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. లాడం ఆకారంలో గిన్నె, లోపల ఆశ్చర్యార్థకం. బయట పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్లో గాలి సుమారు ఒక పౌండు తగ్గుతుంది. దీపం చెప్పేది అంతే. మా ఆవిడకు అది వేరేలా వినిపించింది.

"ఏవండీ, ఈసారి ఆల్ సీజన్ టైర్లు వేయించండి. మంచులో నడవాలి. ఎండాకాలంలో మలుపు తిప్పితే తిరగాలి, ఆలోచించుకుంటూ కూర్చోకూడదు. చప్పుడు చేయకూడదు. యాభై వేల మైళ్ళు రావాలి. ధర సంగతి మీ ఇష్టం, కానీ తగ్గాలి."

"ఇన్ని లక్షణాలున్నవాడు దొరక్కే కదా నన్ను చేసుకున్నావు," అన్నాను.

"అందుకే టైర్ల విషయంలో సర్దుకుపోదలచుకోలేదు."

ఆల్ సీజన్ టైరంటే ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. అత్తగారికి మెత్తగా ఉండాలి, మామగారికి గట్టిగా ఉండాలి, ఆడపడుచుల దగ్గర చప్పుడు చేయకూడదు, ఇంతా చేసి ఏ ఒక్కరూ పూర్తిగా మెచ్చుకోరు. మంచును పట్టాలంటే టైరు మీది దిమ్మెలకు సన్నటి గాట్లు బోలెడుండాలి. గాట్లు ఎక్కువైతే ఆ దిమ్మెలు అటూ ఇటూ ఊగి, వేగంగా మలుపు తిరిగేటప్పుడు స్టీరింగుకు జవాబు ఆలస్యంగా వస్తుంది. చలికి మెత్తగా ఉండే రబ్బరు ఎండకు మరీ మెత్తబడుతుంది. ఒకటి ఇస్తే ఒకటి పోతుంది. స్పోర్టు కారుకు పనికొచ్చే ఆల్ సీజన్ టైర్లను అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ అనే ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టారు. ధర కూడా ఆ తరగతికి తగ్గట్టే ఉంటుంది.

పరిష్కారం లేకపోలేదు. వేసవికి ఒక సెట్టు, చలికాలానికి అసలు సిసలు వింటర్ టైర్లు ఒక సెట్టు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే. మాంట్రియల్లో ఉన్న మిత్రుడు ఫోను చేసినప్పుడల్లా ఇదే ఉపదేశం. ఆయనకు గ్యారేజీ ఉంది. మా అపార్ట్‌మెంట్లో ఇంకో నాలుగు టైర్లు పెట్టాలంటే ఆవకాయ జాడీలు బయటికి పోవాలి, లేదా నేను పోవాలి. ఓటింగు పెడితే జాడీలదే గెలుపని తెలిసి ఆ ప్రస్తావనే తేలేదు.

ఇక టైరు పక్కగోడ మీది శాసనం చదవడం మొదలుపెట్టాను. 245/40 ఆర్ 18, 97 వై. వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, చక్రం వ్యాసం 18 అంగుళాలు. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోస్తుంది. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. ఆ వేగంతో హైదరాబాదులో బయల్దేరితే గంట తిరక్కుండా విజయవాడలో ఉంటాం. మేం మాత్రం రోజూ స్క్విరల్ హిల్ టన్నెల్ ముందు గంటకు పది మైళ్ళ వేగంతో పాకుతుంటాం.

దాని పక్కనే ట్రెడ్‌వేర్ అంకె. దీని కథ నాకు భలే నచ్చింది. టెక్సస్‌లో శాన్ ఏంజెలో అనే ఊరి చుట్టూ 400 మైళ్ళ మార్గం ఒకటుంది. ఆ దారిలో కార్లను వరసగా 7,200 మైళ్ళు తిప్పి, 100 అని లెక్కకట్టిన ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల చూస్తారు. బాగుంది కదా? ఆ తర్వాత అంకె వేసుకునేది ఎవరనుకున్నారు, టైరు తయారుచేసిన కంపెనీయే. మా రోజుల్లో పరీక్ష రాసినవాడికే పేపరు దిద్దే భాగ్యం ఉండుంటే నేనూ కలెక్టరునయ్యేవాణ్ణి.

మంచు సంగతికొస్తే పక్కగోడ మీద రెండు రకాల గుర్తులుంటాయి. ఎం ప్లస్ ఎస్, అంటే బురదకూ మంచుకూ పనికొస్తుందని. అది గాళ్ళ ఆకారం, కొలత చూసి వేసుకునే ముద్ర. ఆ టైరు మంచు మొహం చూసి ఉండాల్సిన పని లేదు. రెండోది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు. 1999లో వచ్చింది. దీనికి నిజంగా మంచులో పరీక్ష పెడతారు. తొక్కుడుపడ్డ మంచు మీద టైరు కారును ఎంత బాగా ముందుకు లాగుతుందో కొలుస్తారు. గడ్డకట్టిన ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందో, మలుపులో నిలబడుతుందో లేదో ఆ గుర్తు చెప్పదు. అంటే మళ్ళీ కదలడం గురించే! ఆగడమనే విషయం మీద మనుషులకు ఇంత చిన్నచూపు ఎందుకో నాకర్థం కాదు.

మామగారికి వీడియో కాల్ చేశాం. పూర్వాశ్రమంలో లారీలు తిప్పిన మనిషి.

"అల్లుడుగారూ, ఇందులో ఇంత ఆలోచనేముందండీ? ముందు రిబ్బు, వెనకాల లగ్గు వేయించెయ్యండి. అరిగితే రీట్రేడింగు."

"లారీకి కాదండీ, కారుకి. ఇక్కడ సీజన్‌ను బట్టి టైరు మారుతుందండీ."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "సీజన్ మారితే మేం పంట మారుస్తాం. టైరు మార్చడమేంటండీ?" అన్నారు. ఆ తర్వాత కూతురితో విడిగా మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు.

ఇంతలో ఒక గుంట వచ్చి వ్యవహారాన్ని తేల్చేసింది. పెన్సిల్వేనియా రోడ్ల గుంటలకు కారణం చలే: తారు పగుళ్ళలోకి నీళ్ళు దిగుతాయి, గడ్డకట్టి ఉబ్బుతాయి, కరుగుతాయి, మళ్ళీ గడ్డకడతాయి, చివరికి తారు లేచిపోతుంది. మా టైరు పక్కగోడ ఎత్తు లెక్క వేస్తే 98 మిల్లీమీటర్లు, నాలుగంగుళాలు కూడా లేదు. గుంటలో పడ్డ దెబ్బకు అక్కడ బుడిపె లేచింది. బుడిపె లేచిందంటే లోపలి దారాలు తెగాయన్నమాట. దానికి ప్యాచీలు, మందులు లేవు.

ఒక టైరు పోతే ఒక టైరు కొంటే సరిపోతుందనేది ఆల్ వీల్ డ్రైవ్ లేనివాళ్ళ అదృష్టం. సుబారులో నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం దాటకూడదు. కొత్త టైరు పెద్దది, అరిగినవి చిన్నవి. ఒక్కోటి ఒక్కో వేగంతో తిరుగుతూ మధ్య డిఫరెన్షియల్‌ను రాత్రింబవళ్ళు పోట్లాటలో పెడతాయి. అది వేడెక్కి పాడైతే టైర్ల ఖర్చు చిల్లర కింద లెక్క. దీనికి అమెరికాలో ఒక విరుగుడుంది: కొత్త టైరు కొని, మిషను మీద పెట్టి, మిగతా మూడింటికి సమానంగా గొరిగిస్తారు. కొత్త టైరు కొనడానికి డబ్బు, దాని కొత్తదనం తీయించడానికి మళ్ళీ డబ్బు. తిరుమల కల్యాణకట్టలో గుండు ఉచితం. ఆ మాటే మా ఆవిడతో అంటే, "నాలుగూ మార్చెయ్యండి," అని ముగించింది. చలికాలం ఎలాగూ వచ్చేసింది.

చివరి వడపోతలో మూడు మిగిలాయి. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2కి మంచుపువ్వు గుర్తుంది, కానీ అది కుటుంబ కార్ల సౌఖ్యం వైపు మొగ్గిన టైరు. మా ఆవిడ దాని బొమ్మ చూసి "మీరు నడిపేటప్పుడు వేయించుకోండి," అంది. అదే కంపెనీ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4కి ట్రెడ్‌వేర్ 540, వారంటీ 45,000 మైళ్ళు. కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్‌కు 560, 50,000 మైళ్ళు. పొడిరోడ్డు మీద పదును కావాలంటే పైలట్ స్పోర్ట్. మాకు ఏడాదిలో సగం తడి, చలి. పైగా కాంటినెంటల్‌లో నన్ను పడేసిన తమాషా ఒకటుంది: దాని మీద డీ, డబ్ల్యూ, ఎస్ అక్షరాలు చెక్కి ఉంటాయి. పొడికి డీ, తడికి డబ్ల్యూ, మంచుకు ఎస్. టైరు అరిగేకొద్దీ ముందు ఎస్ చెరిగిపోతుంది, తర్వాత డబ్ల్యూ. వయసు మీద పడేకొద్దీ ఏ పనికి పనికిరాకుండా పోయామో మగవాళ్ళ నుదుటి మీద కూడా ఇలా కనిపిస్తే సంసారాల్లో చాలా వాదనలు తగ్గేవి.

అదే కొన్నాం. షాపులో గాలికి బదులు నైట్రోజన్ నింపుతామన్నారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి మిగతా 22 శాతానికి సంతోషించి ఊరుకున్నాను.

కొనబోయే వాళ్ళకు ఒక మాట. డబ్బు కట్టే ముందు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారం పుట్టిన టైరని అర్థం. పాత సరుకు అంటగడుతుంటే అక్కడ దొరికిపోతుంది. వేయించిన తర్వాత మొదటి 500 మైళ్ళు నెమ్మదిగా నడపండి, అచ్చులోంచి తీసేటప్పుడు అంటిన జిడ్డు పోవాలి. అరుగుదల చూడ్డానికి పావు డాలరు బిళ్ళ తలకిందులుగా గాడిలో పెట్టండి. వాషింగ్టన్ తల పైభాగం కనిపిస్తోందంటే మంచుకే కాదు, తడికీ ఇక సెలవు. పెన్నీని అలాగే పెడితే లింకన్ తల పైభాగం కనిపించిందా, ఏటేటా జరిగే ఇన్‌స్పెక్షన్‌లో స్టిక్కరు ఇవ్వరు.

బీచ్‌వ్యూలో క్యాంటన్ అవెన్యూ అని 37 శాతం వాలున్న వీధి ఉంది. కొత్త టైర్లు అక్కడ పరీక్షిద్దామని మా ఆవిడ ఉత్సాహం. భయం శాఖ అధిపతిగా ఫైలు తొక్కిపట్టి ఉంచాను.

మీరెప్పుడైనా జనవరిలో పెన్ హిల్స్ గుడికి దర్శనానికి వస్తే, కొండ దిగేటప్పుడు ముందు నీలం సుబారు కనిపిస్తే, దయచేసి కాస్త దూరంగా రండి. నడిపేది మా ఆవిడ. ఆవిడ ఆపగలదు. మీ టైర్ల సంగతి మీరు చూసుకోవాలి.