మూడు డబ్బాల మడి

కాలిఫోర్నియాలో కాపురం పెట్టేవాళ్ళు ముందు నేర్చుకోవలసింది రంగులు. మెతుకులు, తొక్కలు, గడ్డీగాదం ఆకుపచ్చ డబ్బాలోకి. కాగితాలు, సీసాలు నీలంలోకి. ఎందుకూ కొరగానివి నల్లదాంట్లోకి. 2022 జనవరి 1 నుంచి ఇది చట్టం, పేరు ఎస్‌బీ 1383. మాట వినకపోతే మొదటిసారి 50 నుంచి 100 డాలర్ల జరిమానా, మూడోసారికి 500 దాకా వెళ్ళొచ్చు.

తెనాలి నుంచి అమ్మానాన్నలు ఫ్రీమాంట్ వచ్చాక ఈ చట్టానికి మా ఇంట్లో ఇద్దరు వ్యాఖ్యాతలు దొరికారు. ఫ్రిజ్ మీద అంటించిన బొమ్మల కాగితం కాసేపు చూసి, "ఇది మడే కదరా" అంది అమ్మ. నిజమే మరి. నూనె మరక పడ్డ పిజ్జా అట్టపెట్టె నీలానికి అంటు, ఆకుపచ్చకి ఆమోదం. పెరుగు డబ్బాకి స్నానం అయితేగాని నీలంలోకి ప్రవేశం లేదు. మా నాయనమ్మ బతికుంటే ఈ రాష్ట్రం ఆవిణ్ణి సలహాదారుగా పెట్టుకునేది.

ఇంత పట్టింపు ఎందుకంటే, గాలి చొరని చెత్తగుట్టలో కుళ్ళిన తిండి మీథేన్ వదులుతుంది, రాష్ట్రం మొత్తం మీథేన్‌లో అయిదో వంతు ఆ గుట్టల పుణ్యమే అని నేనో ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ అంతా విని, "సరిపడా వండుకుంటే పోయేదిగా" అంది. చట్టం రాసినవాళ్ళకీ ఆ సంగతి తట్టకపోలేదు. చెత్తపాలయ్యే తినదగ్గ తిండిలో 20 శాతమైనా మనుషుల కడుపుకి చేర్చాలని అందులోనే రాశారు.

నాన్న రిటైరైన కోర్టు గుమస్తా. తనిఖీవాళ్ళు వీధిలో డబ్బాల మూతలెత్తి చూస్తారని తెలియగానే "వారెంటేదీ?" అన్నారు. వీధిలో పెట్టిన చెత్తకి గోప్యత లేదని 1988లోనే, ఈ కాలిఫోర్నియా నుంచే వెళ్ళిన గ్రీన్‌వుడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసిందని చెప్పాను. ఆయన ఊరుకుంటారా! తవ్వి తవ్వి సియాటిల్ తీర్పొకటి పట్టుకొచ్చారు. అక్కడ చెత్తలో తిండి కనబడితే ఒక డాలర్ జరిమానా అని 2015 నుంచి అమలయ్యేలా నియమం పెట్టారు. వారెంటు లేకుండా డబ్బాలు వెతకడం ఆ రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 2016లో కింగ్ కౌంటీ కోర్టు తీర్పిచ్చింది. డాలరు కోసం రాజ్యాంగం దాకా వెళ్ళిన ఆ పౌరుల మీద నాన్నకి అపారమైన గౌరవం కలిగింది.

"మన డబ్బాలో ఏముంటుందండీ వాళ్ళు వెతకడానికి, ములక్కాడల పిప్పి తప్ప?" అంది అమ్మ.

ఇక్కడ చాలా ఊళ్ళలో ఆకుపచ్చ డబ్బాల చెత్తతో తయారైన ఎరువుని జనానికి ఉచితంగా పంచుతారు. తులసికోటకి ఓ బస్తా తెస్తానన్నాను. అమ్మ చెవులు మూసుకుంది. "ఎవరింటి ఎంగిలో ఏమో! తులసమ్మకా?"

దాంతో పెరట్లోనే సొంత ఎరువుతొట్టి వెలిసింది. దాని నియమాలు చదివి వినిపించాను: మాంసం, ఎముకలు, నూనె, పాలు, పెరుగు ఏవీ తగలకూడదు, పచ్చి తొక్కలు వేసినప్పుడల్లా పైన దండిగా ఎండుటాకులు కప్పాలి.

"చూశావా, అసలైన మడి ఇదీ" అంది.

"నూనె తగలని కూర ఈ ఇంట్లో ఎప్పుడు చేశావు?" అన్నారు నాన్న పేపరు దించకుండా.

"ముందు మీరు మిగల్చండి, అప్పుడు చూద్దాం."