రెట్టకు బిల్లు లేని రోజులు

ఇప్పుడు కోళ్లఫారాల వాళ్లు క్రిముల్ని కిలోల లెక్కన కొంటున్నారు. క్రిముల్ని చంపే మందు కాదండీ, క్రిములే. బతికున్నవి. వెండిరంగు సంచీలో తెల్లటి పొడి, టన్ను దాణాకి ఇంతని కలపడం. మా మనవడు బిల్లు చూపించి "ఇది ప్రోబయాటిక్ తాతయ్యా, కోడి పేగులో మంచి బ్యాక్టీరియాని పెంచుతుంది" అన్నాడు. పెంచనీ, కాదన్నదెవరు? మా రోజుల్లో ఇదే సరుకు తల్లికోడి ఊరికే ఇచ్చేదిరా అంటే మాత్రం వాడికి నవ్వులాట.

మా తణుకు పక్క పల్లెల్లో అప్పట్లో కోడంటే పెరటికోడే. పెట్ట ఇరవై ఒక్క రోజులు పొదిగి పిల్లల్ని లేపేది. పొద్దున్నే గంప ఎత్తితే చాలు, పిల్లలన్నీ తల్లి వెనకాలే పెంటకుప్ప మీదికి పోయేవి. తల్లి కాళ్లతో గీరిన చోట పొడిచేవి, తల్లి వేసిన రెట్టలోనూ పొడిచేవి. మా నాయనమ్మ మజ్జిగలో తడిపిన నూకలు చల్లేది. ఎందుకే అంటే "పారుడు పట్టదురా" అనేది. అంతకు మించి ఆవిడ చెప్పేది కాదు, అడిగే ధైర్యం మాకూ ఉండేది కాదు.

తర్వాత హేచరీలొచ్చాయి. గుడ్లకి ఫార్మలిన్ పొగ పట్టి, మెషిన్లో పెట్టి, పిల్లల్ని అట్టపెట్టెల్లోకి ఎత్తి వ్యానెక్కించడం మొదలైంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి తల్లి మొహం చూడదు. దాని పేగు దాదాపు ఖాళీ. పెద్దకోడి పేగులో ఉండే క్రిముల సంత దాంట్లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా బ్రూడర్ కింద ఊకలోంచో, తొట్టి నీళ్లలోంచో ఏ సాల్మొనెల్లానో, ఈకొలైనో ముందుగా వచ్చిందంటే అడ్డుకునే నాథుడు లేడు.

ఈ సంగతి తేల్చింది ఫిన్లాండ్ వాళ్లు. 1971లో అక్కడి బ్రాయిలర్లలో సాల్మొనెల్లా విపరీతంగా చెలరేగింది. ఎస్కో నూర్మి, మార్యత్తా రంటాలా అనే ఇద్దరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని సరుకు తీసి, అప్పుడే పుట్టిన పిల్లలకి పట్టించారు. ఆ పిల్లల్లో సాల్మొనెల్లా అంత తేలిగ్గా నిలబడలేదు. 1973లో 'నేచర్' పత్రికలో రాశారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టన్నమాట. మంచి క్రిములు ముందెక్కి కూర్చుంటే చెడ్డవి నిలబడే ప్రయాణం చేయాలి, లేదా దిగిపోవాలి. పైగా లాక్టోబాసిల్లస్ లాంటివి పుల్లటి ఆమ్లం వదులుతాయి, ఆ పులుపు సాల్మొనెల్లాకి పడదు. మా నాయనమ్మ మజ్జిగనూకల్ని ఏ పత్రికా అచ్చేయలేదు, అది వేరే సంగతి.

ఇంతకు ముందు నుంచే ఇంకో కథ నడుస్తోంది. 1940ల చివర అమెరికాలో బి12 విటమిన్ కోసం వెతుకుతూ, క్లోర్‌టెట్రాసైక్లిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెట్టి చూస్తే అవి ఏపుగా పెరిగాయి. ఇంకేముంది, జబ్బున్నా లేకున్నా దాణాలో రోజూ చిటికెడు యాంటీబయాటిక్. ఆ అలవాటు సముద్రాలు దాటి మన గోదావరి గట్టు దాకా వచ్చింది. స్వీడన్ 1986లోనే ఆపేసింది, యూరప్ అంతా 2006 జనవరి నుంచి ఆపింది. మనిషికి ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖర్న ఎక్కించే కొలిస్టిన్ ఉంది చూశారూ, దాన్ని కోళ్ల దాణాలో కలపడాన్ని మన దేశంలో నిషేధించింది 2019 జులైలో! అప్పటికే 2015లో చైనా వాళ్లు చెప్పారు, ఆ మందుకి లొంగని జన్యువు ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి గెంతుతోందని.

మా రోజులన్నీ బంగారమని నేననను. తెల్లపారుడు పట్టిందంటే పిల్లలు వెనకభాగం అతుక్కుపోయి, కీచుకీచుమంటూ మూలన కునికి చచ్చేవి. ఆ జబ్బు క్రిమి తల్లి గుడ్డులోంచే దిగుతుంది. లోపలే పుట్టిన శత్రువుకి పైనుంచి వేసే పొడి ఏం చేస్తుంది? దానికి మందు గుడ్లిచ్చే తల్లికోళ్లు, అదే బ్రీడర్ కోళ్ల దగ్గరే ఉంది. తెల్ల పలక మీద రంగుమందు చుక్క, పక్కన కోడి రెక్క నెత్తురు చుక్క వేసి కలిపితే, గడ్డలు కట్టిందాన్ని మందలోంచి తీసేయాలి. ఇక కొక్కెర తెగులూ గద్దలూ మిగిల్చినన్నే మా లెక్కలోకి వచ్చేవి.

నా గోలంతా ఈ ప్రోబయాటిక్‌ని ఇప్పుడు వాడే తీరు మీద. పొద్దున్న ట్యాంకులో క్లోరిన్ కొడతారు, ఆ నీళ్లలోనే పది గంటలకి లాక్టోబాసిల్లస్ కలుపుతారు. పైగా మధ్యాహ్నం పారుడు కనిపించిందని యాంటీబయాటిక్ కూడా పోస్తారు. కొన్న క్రిముల్ని కొన్న మందుతోనే చంపి, సాయంత్రం ఫోన్లో "ప్రోబయాటిక్ పనిచేయలేదండి" అని కంపెనీ వాడి మీద ఎగురుతారు. మందు కోర్సు అయిపోయాక వేయాల్సింది, పిల్ల దిగిన రోజు నుంచి వేయాల్సింది, జబ్బు ముదిరాక వేస్తే అదేమన్నా సంజీవనా?

పేగు పుండ్ల జబ్బు, అదే నెక్రోటిక్ ఎంటరైటిస్, దాని కథా ఇంతే. దానికి మూలం క్లాస్ట్రిడియం అనే క్రిమి. ఆరోగ్యంగా ఉన్న కోడి పేగులోనూ అది కాస్తో కూస్తో ఉంటుంది. కాక్సిడియా అనే పరాన్నజీవి పేగు గోడని చీల్చినప్పుడూ, దాణాలో ఎండుచేపల పొడి ఎక్కువైనప్పుడూ రెచ్చిపోతుంది. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి దాన్ని కొంత అణుస్తాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ కోళ్లు నీళ్లు తాగే నిప్పిల్ కారి ఊక ముద్దయినచోట కాక్సిడియాకి పండగే. ఊక తిరగేయడానికి కూలీ దొరకడం లేదంటారు. నిజమే, దొరకడం లేదు. కారే నిప్పిల్ మార్చడానికి కూడా కూలీయే కావాలా?

ఇక సంచీ మీద రాత చూడండి. 'మంచి బ్యాక్టీరియా' అని పెద్దక్షరాలు, పక్కన నవ్వుతున్న కోడి బొమ్మ. ఏ రకం క్రిమి, గ్రాముకి ఎన్ని కోట్లు, ఎన్నాళ్లు బతికుంటాయి, దాణా మిల్లులో ఆవిరి వేడికి తట్టుకుంటాయా అన్నది భూతద్దం పెట్టినా కనపడదు. బాసిల్లస్ అయితే గింజలా ముడుచుకుని వేడికి ఓర్చుకుంటుంది, లాక్టోబాసిల్లస్‌కి అంత ఓపిక లేదు. గుళికల దాణా చేయించే వాడికి ఈ తేడా తెలియకపోతే డబ్బు ఆవిరిలో పోసినట్టే. మొన్న వచ్చిన సేల్స్ కుర్రాడిని ఇదే అడిగాను. బాగా చదువుకున్నవాడే, ఇన్‌షర్టూ బూట్లూ. సంచీని అటూ ఇటూ తిప్పి చూసి "మా టెక్నికల్ సార్ ఫోన్ చేసి చెప్తారండి" అన్నాడు. మనవడు ఆ రోజే రెండు సంచీలు దింపించాడు, ఆ సార్ ఫోన్ మాత్రం ఇంకా రాలేదు.