పన్నెండేళ్లు నిండిన పిల్లలకి

సండే స్కూలు పిల్లలకి క్రిస్మస్ బహుమతిగా ఏ పుస్తకం ఇవ్వాలన్న మాట దగ్గర మా సంఘంలో అంత రగడ అవుతుందని ఎవరూ అనుకోలేదు. అది 2013 అక్టోబరు. అమెరికాలో మాదొక చిన్న తెలుగు సంఘం. సొంత గుడి లేదు. అక్కడివాళ్లు పొద్దున ఆరాధన ముగించుకుని వెళ్లాక, మధ్యాహ్నం నుంచి వాళ్ల చర్చి హాలు మాకు అద్దెకిచ్చేవారు. ముందు ఆరాధన, తర్వాత ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చిన గిన్నెలు బల్ల మీద పరిచి భోజనాలు, ఆ తర్వాత కమిటీ. చిన్నపిల్లలకి బొమ్మల బైబిలు కథలు ఎలాగూ ఉన్నాయి. పన్నెండేళ్లు నిండిన పిల్లలకి మాత్రం ఈసారి కాస్త గట్టి పుస్తకం ఇద్దామన్నారు పాస్టరుగారు.

నేను ఆన్ రైస్ రాసిన 'క్రైస్ట్ ద లార్డ్: ఔట్ ఆఫ్ ఈజిప్ట్' పేరు చెప్పాను. 2005లో వచ్చిన నవల. ఏడేళ్ల యేసు తన కథ తనే చెబుతాడు. హేరోదు చచ్చాడని తెలిసి యోసేపు కుటుంబం అలెగ్జాండ్రియా నుంచి నజరేతుకి బయల్దేరుతుంది. వెళ్లేసరికి దేశమంతా తిరుగుబాట్లు, మంటలు, రోమన్ సైనికులు. తనలో ఏదో శక్తి ఉందని బాలుడికి తెలుస్తూ ఉంటుంది, అదేమిటో తెలియదు. తను పుట్టినప్పుడు బేత్లెహేములో ఏం జరిగిందో ఇంట్లో పెద్దలందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. నవలంతా ఆ ఒక్క ముడి మీదే నడుస్తుంది.

యేసు బాల్యం గురించి సువార్తల్లో ఉన్నదెంత? మత్తయి ఐగుప్తుకి పారిపోయి తిరిగి రావడం చెప్పి ఊరుకున్నాడు. లూకా, పస్కా పండక్కి వెళ్లినప్పుడు యెరూషలేములో తప్పిపోయి మూడో రోజుకి దొరికిన సంగతి చెప్పాడు. తక్కినదంతా ఖాళీ. ఆ ఖాళీలో అడుగుపెట్టే రచయితకి భయభక్తులుండాలి. రైస్‌లో ఆ రెండూ నాకు కనిపించాయి. 1976లో 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్' రాసి పేరు తెచ్చుకున్న మనిషి ఆవిడ. అంతకు నాలుగేళ్ల ముందే, 1972లో, ఆరేళ్లయినా నిండని కూతుర్ని ల్యుకీమియా తీసుకుపోయింది. వయసులో వదిలేసిన కాథలిక్ విశ్వాసంలోకి 1998లో తిరిగొచ్చింది. 2002లో భర్త పోయాడు. అలాంటి తల్లి, చనిపోయిన పిల్లాణ్ని లేపి నిలబెట్టే ఏడేళ్ల బాలుడితో తన నవల మొదలుపెట్టింది. అది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

మా హెడ్మాస్టారు ఒప్పుకోలేదు. గుంటూరు జిల్లాలో మిషన్ బళ్లో హెడ్మాస్టరుగా రిటైరై, కొడుకు దగ్గరికొచ్చి స్థిరపడిన పెద్దాయన. వాక్యం ఎక్కడ అడిగినా నోటికి చెప్పేవారు. సంఘంలో ఆయన మాటకి తిరుగులేదు.

"రక్తం తాగే దయ్యాల కథలు రాసిన చెయ్యి ప్రభువు చరిత్ర రాయడమేంటయ్యా? పైగా ఆ మనిషి మూడేళ్ల కిందట క్రైస్తవ్యమే వదిలేశానని చెప్పుకుంది" అన్నారు.

నిజమే, 2010లో ఫేస్‌బుక్‌లో అలా ప్రకటించింది. క్రీస్తుని మాత్రం వదల్లేదని కూడా అప్పుడే చెప్పింది. ఆ సగం ఎవరి చెవినా పడలేదు.

ఆయన నా చేతిలో పుస్తకం తీసుకుని మొదటి పేజీలు తిప్పారు. వీధిలో మీదికొచ్చి వేధించిన పిల్లాడు బాలయేసు కోపానికి ఉన్నచోటే కూలి చనిపోతాడు. తర్వాత ఆ బాలుడే వెళ్లి వాణ్ని లేపుతాడు. బంకమట్టితో చేసిన పిచ్చుకలు ప్రాణమొచ్చి ఎగిరిపోయిన సంగతి కూడా అక్కడే వస్తుంది. "ఇది ఏ సువార్తలో ఉంది? చూపించండి నాకు. ఆవిడ సొంతంగా అల్లింది!" అని పుస్తకం బల్ల మీద పెట్టేశారు.

ఆ నవల మీద విశ్వాసులు పెట్టుకున్న పెద్ద అభ్యంతరం అదే. రైస్ అభిమానుల్లో రక్తపిశాచాల కోసం వచ్చినవాళ్లకి వాళ్ల రాణి తమని వదిలి గుళ్లోకి వెళ్లిపోయిందన్న దిగులు. గుళ్లో ఉన్నవాళ్లకి ఆవిడ చేతుల మీద పాత మరకలు పోలేదన్న అనుమానం. ఇద్దరి మధ్యా ఆ పుస్తకం నలిగింది. ఆ పిచ్చుకలని మాత్రం ఆవిడ కల్పించలేదు. రెండో శతాబ్దం నాటిదని పండితులు చెప్పే 'తోమా బాల్య సువార్త'లోని కథ అది. చర్చి దాన్ని ఆమోదించలేదు, జనం మాత్రం వదులుకోలేదు. ఖురాన్‌లోనూ మట్టి పక్షికి ప్రాణం పోసిన ప్రస్తావన ఉంది. మొన్న 2024లో జర్మనీలో హాంబర్గ్ గ్రంథాలయంలో ఏదో మామూలు కాగితమనుకుని దశాబ్దాల తరబడి ఎవరూ పట్టించుకోని పపైరస్ ముక్క ఒకటి చదివి చూస్తే ఈ పిచ్చుకల కథే. నాలుగో శతాబ్దమో ఐదో శతాబ్దమో నాటి రాత. దిద్దుకుంటున్న చెయ్యిలా అక్షరాలు కుదురుగా లేవట. ఎవరో బళ్లో కూర్చుని రాసుకున్నదే కావచ్చని ఆ ముక్క చదివినవాళ్ల ఊహ. ఎంత మంది పిల్లలు ఆ బాలుడి గురించి అడిగి ఉంటే, ఎంత మంది పెద్దలు ఏదో ఒకటి చెప్పాల్సొచ్చి ఉంటే, అలాంటి కథలు పుట్టి ఉంటాయి!

నేను కాకుండా ఆ రోజు కమిటీలో పుస్తకం మొత్తం చదివినావిడ ఒక్కరే. పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"అన్నయ్యగారూ, ఆ పిల్లాడు కోపంతో ఒకణ్ని పడగొట్టాడన్న చోట నాకూ మనసు ఒప్పుకోలేదు. చేసింది చూసి వాడే భయపడిపోతాడు, అది చదివాక ముందుకెళ్లాను. నన్ను పట్టుకుంది అది కాదు. ఇంట్లో అందరికీ తెలిసిన విషయం ఆ పిల్లాడికి చెప్పరు చూడండి, అది. మా వార్డులో రోజూ చూస్తాను. అమ్మానాన్నలు తలుపు బయట ఏడ్చి, మొహం కడుక్కుని, నవ్వుతూ లోపలికొస్తారు. లోపలున్న పిల్లలకి అంతా తెలిసిపోతుంది. మా అమ్మ బాధపడుతుంది అడగొద్దు సిస్టర్ అని నాతో అంటారు. మన ప్రభువు కూడా ఒకప్పుడు అలా మంచం మీద పడుకుని పెద్దల గుసగుసలు విని ఉంటాడా అనిపించింది. అప్పట్నుంచి ఆ పిల్లల దగ్గర కూర్చుని ప్రార్థన చేసేటప్పుడు నాకు మాటలు వేరేగా వస్తున్నాయి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. హెడ్మాస్టారే అన్నారు, మెత్తగానే: "నీ మాట కాదనను తల్లీ. కానీ పెద్దలం మనకది పర్వాలేదు. పిల్లల చేతికి అనుమానాలు పెట్టే పుస్తకం ఇవ్వకూడదు."

ఆ మాటతో రైస్ పుస్తకం పక్కకి పోయింది. పోయిన చోట ఇంకోటి కావాలి కదా. హెడ్మాస్టారి అబ్బాయి ఫోనులో వెతికి ఆ ఏడే వచ్చిన నవల ఒకటి పట్టుకున్నాడు. 'ద చైల్డ్‌హుడ్ ఆఫ్ జీసస్'. రచయిత జె.ఎం. కోట్జీ. 2003లో నోబెల్ బహుమతి, రెండుసార్లు బుకర్. దయ్యాల్లేవు, వదంతుల్లేవు. పేరులోనే ప్రభువు బాల్యం ఉంది. పాస్టరుగారు సరేనన్నారు. అప్పటికింకా మాలో ఎవరం చదవలేదు. క్రిస్మస్ రోజు పెద్ద పిల్లలందరికీ ఎర్ర రిబ్బను కట్టి ఇచ్చారు. లోపలి అట్ట మీద ఒక్కో పిల్లాడి పేరూ, ఆశీర్వాద వచనమూ హెడ్మాస్టారే తన గుండ్రటి అక్షరాలతో రాశారు.

జనవరిలో సాక్ష్యాల ఆదివారం వచ్చింది. హెడ్మాస్టారు లేచి, మా మనవడు ఫోను పక్కన పడేసి ఆ పుస్తకమే పట్టుకుని కూర్చుంటున్నాడు, ప్రభువు చిన్నతనం వాడి కళ్లకి కట్టింది, దేవుడికి స్తోత్రం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మరో తండ్రి లేచి మా అమ్మాయి కూడా అంతే అన్నాడు. ఇంకొకావిడ, వాక్యానికి దగ్గరగా ఉంది, ఇలాంటివే ఇవ్వండి అంది. పాస్టరుగారి మొహం వెలిగిపోయింది.

ముందు వరుసలోంచి మనవడు చెయ్యెత్తాడు. కిందటి నెలలోనే పన్నెండు నిండాయి వాడికి.

"తాతయ్యా, ఇందులో జీసస్ లేడు."

"సరిగ్గా చదువు నాన్నా."

"రెండుసార్లు చదివాను. డేవిడ్ అని ఒక అబ్బాయి ఉన్నాడు. షిప్‌లో వస్తాడు. సీమోన్ అని ఒకాయన వాణ్ని చూసుకుంటాడు. అందరూ స్పానిష్ మాట్లాడతారు. జీసస్ అన్న పేరు కవర్ మీదే ఉంది. లోపల ఎక్కడా లేదు."

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నవల అంతే. పాత జ్ఞాపకాలన్నీ చెరిగిపోయిన మనుషులు నొవీయా అనే ఊరు చేరతారు. సీమోన్ ఓడరేవులో బస్తాలు మోస్తూ, ఆ పిల్లాడికి తల్లి ఎవరో వెతుకుతాడు. లోకమంతా పాఠకులు ఆ పుస్తకంలో యేసుని వెతికారు. దొరికాడన్నవాళ్లున్నారు, మోసపోయామన్నవాళ్లూ ఉన్నారు. అట్ట మీదా మొదటి పేజీలోనూ పేరు లేకుండా అచ్చువేసి, చివరి పేజీ చదివాకే పాఠకుడు ఆ పేరు చూడాలని కోట్జీ కోరిక. ప్రచురణ రంగంలో అది కుదరదని 2012లో కేప్‌టౌన్‌లో ఆ నవల చదివి వినిపించినప్పుడు ఆయనే చెప్పాడు. మా హాల్లో ఉన్నవాళ్లలో ఆ పుస్తకాన్ని చివరిదాకా చదివింది ఆ పిల్లాడొక్కడే.

హెడ్మాస్టారు తడబడ్డారు. వాడు ఊరుకోలేదు. "ఆ డేవిడ్‌కి నాన్న ఎవరో తెలీదు. వాడు ఊరికే ఎందుకు, ఎందుకు అని అడుగుతాడు. చెప్పలేక స్కూల్లో వాళ్లకి కోపమొస్తుంది. జీసస్ అంటే అదేనా తాతయ్యా? మరి పేరెందుకు అలా పెట్టారు? నేను ఎవర్ని అడగాలి?"

నర్సుగారు లేచి ఏదో చెప్పబోయారు. ఈలోగా హెడ్మాస్టారి కోపం అందుకుంది. సంఘం మధ్యలో పెద్దలకి ఎదురు చెబుతావా అని, వాణ్ని బయటికెళ్లి నడవాలో నిలబడమన్నారు. వెళ్తున్నవాణ్ని ఆపి శిక్ష కూడా చెప్పారు. లూకా సువార్త రెండో అధ్యాయం, నలభై ఒకటో వచనం నుంచి ఆఖరిదాకా. తెలుగులో. బట్టీపట్టి వచ్చే ఆదివారం అందరి ముందూ అప్పజెప్పాలి. "నీ ఈడున్నప్పుడు ప్రభువు పెద్దల మధ్య ఎలా మసలుకున్నాడో అక్కడుంది. చూసి నేర్చుకో."

వాడికి తెలుగు చదవడం రాదు. నానమ్మ చిన్న చిన్న అట్టల మీద ప్రతి మాటా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిందట. స్కూలు బస్సులో అవే తిప్పుతూ కూర్చున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

ఆదివారం వచ్చింది. వాడు ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు వచనాలూ ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. తల్లిదండ్రులు మూడు రోజులు వెతకడం, దేవాలయంలో బోధకుల నడుమ కూర్చుని ఉన్న పిల్లాణ్ని చూడడం, ఆయన వాళ్ల మాటలు వింటూ వాళ్లని ప్రశ్నలు అడగడం, విన్నవాళ్లంతా విస్తుపోవడం, ఒక్క మాటా వదల్లేదు. చప్పట్లు మోగాయి. హెడ్మాస్టారి కళ్లు చెమర్చాయి. దగ్గరికి తీసుకుని తల నిమిరి, "అర్థమైందా నాన్నా?" అని అడిగారు.

"అర్థమైంది తాతయ్యా. ఒక్క డౌట్. అన్ని ప్రశ్నలడిగినా జీసస్‌ని వాళ్లు బయట నిలబెట్టలేదేం?"