జర్మనీ పేరు, చెన్నై పుట్టుక, చేజర్ల కాపురం

నెల్లూరు జిల్లా చేజర్లలో నన్ను అందరూ జర్మనీ కారు అంటారు. నేను జర్మనీ మొహం కూడా చూడలేదు. చెన్నైకి దక్షిణాన సింగపెరుమాళ్ కోయిల్ దగ్గర, మహీంద్రా వరల్డ్ సిటీలో, 2007 మార్చిలో బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ తెరిచారు. ఆ ఏడే నేను అక్కడ బయటపడ్డాను. ఇంజను ఓడెక్కి వచ్చింది గానీ నన్ను బిగించినవి తమిళ చేతులే. కాగితాల మీద నా పేరు 325ఐ. కంపెనీవాళ్ళు లోపల పెట్టుకున్న పేరు ఇ90. ఎవరైనా నన్ను చూసి "బీఎండబ్ల్యూ" అనకుండా "ఇ90" అన్నాడంటే వాడికి ఈ పిచ్చి ఉన్నట్టే లెక్క.

నా బానెట్ కింద ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి. రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజను, 218 గుర్రాల బలం, టర్బో లేదు. ఆరూ ఒకే వరసలో నిలబడితే ఒకదాని కుదుపుని ఇంకొకటి రద్దు చేస్తుంది. అందుకే నేను ఆన్‌లో ఉన్నానో లేదో తెలియక నా మొదటి డ్రైవరు మళ్ళీ మళ్ళీ స్టార్టు బటన్ నొక్కేవాడు. నా బలం వెళ్ళేది వెనక చక్రాలకి, ముందు చక్రాల పని దారి చూపడమే. స్టీరింగుకి సాయం చేసేది ఆయిలు ఒత్తిడి, మోటారు కాదు. ఈ మూడూ ఒకే బండిలో దొరకడం ఇప్పుడు కష్టం. కొత్త బండ్లు నాకన్నా వేగంగా పోతాయి, ఒప్పుకుంటాను. కానీ రోడ్డు సంగతి చేతికి చెప్పడంలో నన్ను మించినవి తక్కువ. పెన్నలో గాలం వేసి కూర్చున్నవాడికి చేప ముట్టింది తాడులోనే తెలిసినట్టు, నా ముందు చక్రం కింద కంకర ఉందో తడి ఉందో స్టీరింగులోనే తెలుస్తుంది.

నా మొదటి యజమాని చెన్నైలో వ్యాపారి. ముప్పై లక్షల దరిదాపు పోసి కొని, డ్రైవరుని పెట్టుకుని, తను వెనక కూర్చున్నాడు. నా వెనక సీట్లో మోకాళ్ళకి చోటు తక్కువ. నన్ను గీసినవాళ్ళ దృష్టంతా ముందు కూర్చునేవాడి మీదే ఉండింది. ఆయన ఏళ్ళ తరబడి కాళ్ళు ముడుచుకుని, నన్ను తిట్టుకుంటూ, చివరికి పెద్ద బండి కొనుక్కున్నాడు.

రెండోవాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. వాడి దగ్గరే నాకు అలంకారాలు మొదలయ్యాయి. సైలెన్సరు తీయించి పెద్ద గొట్టం పెట్టించాడు. అద్దాలకి నల్ల ఫిల్ము వేయించాడు. సుప్రీంకోర్టు 2012లోనే ఫిల్ములు వద్దందని ప్రతి టోల్‌గేటు దగ్గరా ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉన్నారు. అన్నిటికన్నా సిగ్గనిపించింది డిక్కీ మీద "ఎం3" అని అతికించడం. నా తరంలో ఎం3 అంటే నాలుగు లీటర్ల వి8, 420 గుర్రాలు. నాకు సగమే. తెలిసినవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు, తెలియనివాళ్ళు ఫొటో దిగేవాళ్ళు. ఆయిలు మార్చడానికి మాత్రం వాడికి తీరికుండేది కాదు.

మూడోవాడు మా చేజర్ల అబ్బోడు. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, శనాదివారాలు ఊరు. కొనేముందు తెల్లారకుండా వచ్చాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలని వాడికి తెలుసు. బానెట్ మీద చెయ్యి పెట్టి వెచ్చగా లేదని ఖాయం చేసుకున్నాకే తాళం అడిగాడు. తర్వాత స్టీరింగు కింద కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్‌లో నా రోగాల చిట్టా అంతా చదివాడు. బేరమాడి ఒక కొత్త చిన్న కారు ధరకే తీసుకున్నాడు. ఇంటి ముందు నన్ను ఆపగానే వాళ్ళ నాయన చుట్టూ తిరిగి చూసి, "ఏంది అబ్బయా, ఈ దుడ్డుకి ట్రాక్టరొచ్చేదే. ఇంతకీ లీటరుకి ఎంతిస్తుండాది?" అన్నాడు.

"అది మాత్రం అడగబాక నాయనా."

నన్ను కొనడం తేలిక, పోషించడం కష్టం. నాకు వయసైంది, నెల్లూరు ఎండలు సరేసరి. రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పైన వాల్వు కవరు కింద గాస్కెట్ ఎండిపోయి ఆయిలు కారి వేడి మానిఫోల్డు మీద పడేది. సిగ్నల్ దగ్గర ఆగితే లోపలికి కమురు వాసన. ఆయిలు ఫిల్టరు బిగించే చోట గాస్కెట్ ఇంకా ప్రమాదం, అక్కడ కారింది నేరుగా బెల్టు మీద పడుతుంది. నీళ్ళ పంపు కరెంటు మోటారుతో తిరుగుతుంది, బెల్టుతో కాదు. అది పోయేముందు చెప్పిపోదు. అందుకే తెలిసినవాళ్ళు లక్ష కిలోమీటర్లు దాటిన పంపుని నమ్మరు, బాగానే తిరుగుతున్నా మార్చేస్తారు.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గరికి నన్ను తీసుకుపోయిన రోజు చెప్పుకోవాలి. ఆయన బానెట్ ఎత్తి ఆయిలు చూడ్డానికి డిప్‌స్టిక్ కోసం వెతికాడు. అటు వెతికాడు, ఇటు వెతికాడు.

"అన్నా, దీనికి డిప్‌స్టిక్ లేదు," అన్నాడు అబ్బోడు.

"లేకుండా ఎట్టుంటాది అబ్బయా? ఎవురో పెరికేసుంటారు!"

నాకు నిజంగానే లేదు. ఆయిలు మట్టం సెన్సరు చూసి లోపల స్క్రీన్ మీద చెబుతుంది. బ్యాటరీ కోసం వెతికితే అదీ దొరకలేదు, డిక్కీలో నేల కింద ఉంటుంది. అది మార్చినా కంప్యూటరుకి చెప్పాలి, లేకపోతే పాత బ్యాటరీకి పెట్టినట్టే ఛార్జింగ్ పెడుతుంది.

అసలు సంగతి బోల్టుల దగ్గర వచ్చింది. నా ఇంజను దిమ్మెలో సిలిండర్లుండే లోభాగం అల్యూమినియం, చుట్టూ మెగ్నీషియం. బరువు తగ్గించడానికి చేసిన పని. మెగ్నీషియానికి ఇనుప బోల్టు తగిలి, మధ్యలో తేమ చేరితే మెగ్నీషియం తినుకుపోతుంది. అందుకని నా బోల్టులు అల్యూమినియంవి. వాటిని ఇంత బలంతో బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పాలని లెక్క ఉంది. తిప్పినప్పుడు అవి కొద్దిగా సాగుతాయి. సాగిన బోల్టుని విప్పితే పారెయ్యాల్సిందే, మళ్ళీ వాడకూడదు. మేస్త్రీ విప్పిన బోల్టుల్ని అలవాటుగా డీజిలు డబ్బాలో వేసి కడగబోతుంటే అబ్బోడు సంచిలోంచి కొత్తవి తీసిచ్చాడు. ఆయన ఒకటి అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. "కాగితం మాదిరుందే!" అన్నాడు. మొదట నవ్వినా, డిగ్రీల రెంచి తెచ్చి లెక్క ప్రకారమే బిగించాడు. నన్ను ముట్టుకున్న వాళ్ళలో అంత శ్రద్ధ నేను పెద్ద పెద్ద చోట్ల కూడా చూడలేదు.

ఈ బాగుచేతలకే ఏడాది పైన పట్టింది. "ఇంక మాడిఫై చేద్దాం" అని స్నేహితులు తొందరపెడితే అబ్బోడు వినలేదు. నేనైనా అదే చెబుతాను. టర్బో లేని పెట్రోలు ఇంజనుకి కంప్యూటర్లో లెక్కలు మార్చినంత మాత్రాన వచ్చే బలం బహు స్వల్పం. టర్బో డీజిళ్ళకి ఆ విద్య పనిచేస్తుంది. నాకు కావలసింది మంచి డాంపర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, మంచి టైర్లు. నాతో వచ్చినవి గాలి పోయినా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు, చెక్కలా గట్టిగా ఉండేవి. అవి తీసి మామూలు టైర్లు వేశాక నా నడకే మారిపోయింది. కాకపోతే నాకు స్టెప్నీ పెట్టే చోటు లేదు. పంచరు కిట్టు, గాలి పంపు డిక్కీలోకి వచ్చాయి. పెద్ద గొట్టం పోయి పాత సైలెన్సరు వచ్చింది. ఎం3 అక్షరాలు జిగురుతో సహా పోయాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాట ఖరాకండిగా చెప్పింది. వేరే రకం ఇంజను పెట్టడం, బాడీ కొయ్యడం లాంటివి ఇక్కడ కుదరవు. విదేశాల్లో పాత బీఎండబ్ల్యూలని విప్పి వేరే ఇంజను దించే వీడియోలు చూసి మనవాళ్ళు ఆశపడతారు గానీ, ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరే బండిలో ఉండాలి.

తమిళనాడు నుంచి ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్సు, ఏపీ 39 నంబరు. అవి కాగానే 2022 వచ్చింది, నాకు పదిహేనేళ్ళు నిండాయి. ఆ ఏప్రిల్ నుంచే రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 600 నుంచి 5,000కి పెరిగింది. దిగుమతి కారయితే 40,000. "బీఎండబ్ల్యూ గదా, ఫారిన్ బండి కిందికొస్తాది" అని ఒక ఏజెంటు భయపెట్టాడు. సింగపెరుమాళ్ కోయిల్ ఆ రోజు మాకు 35,000 రూపాయలు మిగిల్చింది.

ఇక పందేల సంగతి. మా వంశంలో పెద్ద కథ ఒకటుంది. 1960ల మొదట్లో ఇంటి కార్ల కోసం చేసిన నాలుగు సిలిండర్ల ఇనుప దిమ్మెనే తీసుకుని, ఒకటిన్నర లీటర్ల ఇంజనుగా మలిచి, టర్బో తగిలించి పాల్ రోషే బృందం ఫార్ములా వన్‌కి పంపింది. 1983లో నెల్సన్ పికే ఆ ఇంజనుతోనే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. టర్బో బండితో ఆ పట్టం గెలిచిన మొదటివాడు అతనే. ఆ ఇంజన్లకి కొత్త దిమ్మెలకన్నా లక్ష కిలోమీటర్లు తిరిగిన పాతవే మేలని ఏరి తెచ్చేవాళ్ళని చెప్పుకుంటారు. వేడికీ చలికీ నలిగి ఇనుము కుదురుకుంటుందట. పాత బండ్లమైన మాకు ఈ కథంటే ప్రాణం.

తెలుగువాళ్ళకి ఈ పందేలు దూరపు సంగతి కాదు. నెల్లూరు నుంచి చెన్నై పోయే దారిలోనే షోళవరం ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ దశాబ్దాల పాటు కార్ల పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016, 2017లో వరసగా యూరో జేకే చాంపియన్ అయ్యాడు. ఆ పందెంలో నడిపినవి ఫార్ములా బీఎండబ్ల్యూ బండ్లే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ కార్లు పరిగెత్తితే జనం ఎగబడి చూశారు.

అబ్బోడు నన్ను ఇరుంగాట్టుకోట్టైకి ట్రాక్ డేకి తీసుకుపోయాడు. 3.7 కిలోమీటర్ల చుట్టు, పన్నెండు మలుపులు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, తనిఖీ చేయించుకుని దిగాలి. బంపరులో చిన్న మూత తీసి లాగే కొక్కెం బిగించారు, నేను ఇసుకలో దిగబడితే లాక్కురావడానికి. మొదటి చుట్లు బాగానే పోయాయి. నాలుగో చుట్టుకో ఐదో చుట్టుకో బ్రేకు పెడలు మెత్తబడింది. బ్రేకు ఆయిలు మరిగి, ఆవిరి బుడగలు వస్తే అంతే. తొక్కుతున్నా బలం చక్రానికి చేరదు. అబ్బోడు బెదరకుండా వేగం తగ్గించి, ఒక చుట్టు చల్లగా నడిపి పక్కకి తెచ్చాడు. ఎక్కువ వేడి తట్టుకునే కొత్త ఆయిలు పోయించాక మళ్ళీ దిగాం. అప్పుడు నాలో సగం గుర్రాలు కూడా లేని ఒక పోలో మలుపులో నన్ను దాటేసి పోయింది. నేను టన్నున్నర బరువు, అదేమో తేలిక. పైగా నడిపేవాడికి పని తెలుసు. బ్యాడ్జి చూసి ట్రాక్ ఎవరికీ దారివ్వదు.

ఊళ్ళో స్నేహితులకి మాత్రం ట్రాక్ ఎందుకో అర్థం కాదు. బొంబాయి రోడ్డు ఆత్మకూరు దగ్గర అద్దంలా ఉంది గదా, అర్ధరాత్రి ఒక పట్టు పడదాం అంటారు. ఆ రోడ్డు మీద లైట్లు లేని ట్రాక్టర్లుంటాయి, బర్రెలుంటాయి, కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రోడ్డు మీద పందెం పెడితే మూడు నెలల జైలో, ఐదు వేల జరిమానానో, రెండూనో పడొచ్చని 189వ సెక్షను చెబుతుంది. అబ్బోడు వాళ్ళకి సెక్షను చెప్పడు, ట్రాక్ ఫీజు ఎంతో చెబుతాడు. దాంతో ఆ ప్రస్తావన ఆగిపోతుంది.

పందేలు లేని రోజుల్లో నాకు వేరే డ్యూటీ ఉంది. ముందూ వెనకా బరువు సరిసమానంగా పడాలని మ్యూనిక్ ఇంజనీర్లు గ్రాములు తూచి బ్యాటరీని డిక్కీలో పెట్టారు. ఆ డిక్కీలో నాయన నిమ్మకాయల బస్తాలు వేసి పొదలకూరు మార్కెట్‌కి పోనిమ్మంటాడు. దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకరూ నా కడుపు గీకుతుంది. మైలేజీ సంగతి ఆయన ఇప్పుడు అడగడం మానేశాడు. బంకులో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయించినప్పుడల్లా అబ్బోడే వంగి నా పైపుల్ని తడిమి చూస్తాడు. నన్ను చేసిన రోజుల్లో ఆ పాళ్ళు ఎవరూ తలచలేదు.

పాత బీఎండబ్ల్యూ కొందామనుకునే తమ్ముళ్ళకి ఒక మాట. ధర ఎంత చెప్పినా, ఇంకో సగం బ్యాంకులో పెట్టుకుని కొనండి. చల్లటి ఇంజను స్టార్టు చేసి చూడండి, సర్వీసు బిల్లులు అడగండి, లేవంటే వదిలెయ్యండి. మొదటి రూపాయి బ్రేకులకీ టైర్లకీ పెట్టండి, చివరి రూపాయి మిగిలితే రంగుకి పెట్టండి. నా ఆర్‌సీ గడువు 2027 దాకా ఉంది.