సప్లీల శాఖాధిపతికి ఒక విన్నపం

విశ్వవిద్యాలయ పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

బీటెక్‌లో ఐదో ఏడు వెలగబెడుతున్న ఎం-వన్ (మొదటి గణితం పేపరు) శాశ్వత ఖాతాదారు నమస్కరించి రాయునది. నేను ఇక్కడ క్షేమం. నా సప్లీ ఫీజులతో తమరూ క్షేమమేనని తలుస్తాను.

మొన్న ఫలితాలతో పాటు తమరు ప్రకటించిన ఉత్తీర్ణత శాతం పేపర్లో చూసి మురిసిపోయాను. ఒక్కటే సందేహం. అది పరీక్ష రాసినవాళ్ళలో శాతం కదండీ? హాజరు 65 శాతానికి దిగువన పడి డిటెయినైనవాడు పరీక్షే రాయలేదు. క్రెడిట్లు చాలక ఆగినవాడు జూనియర్ల లెక్కలో కలిశాడు. విసిగిపోయి ఊళ్ళో ట్రాక్టర్ తోలుకుంటున్నవాడు ఏ లెక్కలోనూ లేడు. మొదటి రోజు నా క్లాసులో కూర్చున్నవాళ్ళలో నాలుగేళ్ళకే పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఎందరో ఆ శాతం చెప్పదు. ఎన్ని ఎకరాలు వేశాడో చెప్పకుండా కళ్ళంలో రాశి చూపించి గొప్పలు పోయే రైతు మా ఊళ్ళో అయితే లేడు.

నా మార్కులు చిత్తగించండి. ఎం-వన్ ఇంటర్నల్ 40కి 34, ఎక్స్‌టర్నల్ 60కి 20. మొత్తం 54, ఫెయిల్. నా రూమ్మేటుకు 19, 21. మొత్తం 40, పాస్. ఎక్స్‌టర్నల్‌లో 21 రావాలన్న రూలు రూలే, కాదనను. (ఆ ఒక్క మార్కు కోసం రీవాల్యుయేషన్‌కు ఎంత కట్టానో నాన్నకు ఇంకా చెప్పలేదు.) కానీ కాలేజీ 34 వేసినవాడికి తమరు 20 వేశారంటే, ఇద్దరిలో ఎవరో ఒకరు నన్ను సరిగా చూడలేదన్నమాట. అది ఎవరని ఎవరూ ఎవర్నీ అడగరు.

తప్పంతా తమరిదే అనను. ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 బిట్లు, నెగెటివ్ మార్కుల్లేవు. ఆప్షన్లు పట్టుకుని వెనకనుంచి లెక్క చేయడమే ఇంటర్ రెండేళ్ళూ మాకు నూరిపోశారు. తీరా ఎం-వన్‌లో కేలీ-హామిల్టన్ థీరమ్ సరిచూడమంటే, ముందు ఏ, బీ, సీ, డీలు ఎక్కడున్నాయా అని వెతికాను. ఫస్టియర్ క్లాసులేమో కౌన్సెలింగ్ సాగీ సాగీ ఆలస్యంగా మొదలయ్యాయి. సిలబస్‌లో ఐదు యూనిట్లూ మాత్రం చెక్కుచెదరలేదు.

పట్టాకు ఎనిమిదేళ్ళ గడువుంది కాబట్టి నా సంగతి నేను చూసుకుంటాను. తమరు ఒక్క పని చేయండి. కాలేజీవారీగా చేరినవాళ్ళెందరు, నాలుగేళ్ళలో బయటపడ్డవాళ్ళెందరు అన్న రెండు అంకెలూ పక్కపక్కన వేసి, వెబ్ ఆప్షన్లు పెట్టేలోగా బయటపెట్టండి. మా తమ్ముడు ఈ ఏడే ఈఏపీసెట్ (అదే, మా నాటి ఎంసెట్) రాస్తున్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు
(హాల్‌టికెట్ నంబరు ఎటూ తమ దగ్గరే ఉంది)