లాభానికి స్టాంపింగ్ అక్కర్లేదు

మా మేనల్లుడికి అమెరికా హెచ్1బీ వీసా స్టాంపింగ్ అనగానే మా అక్క చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. వీసా వచ్చాక 108 బాకీ. వాడు డిగ్రీ పట్టాల నుంచి పే స్లిప్పుల దాకా ఫైలు కట్టుకుని కాన్సులేటు ముందు ఎండలో నిలబడ్డాడు. తోడెళ్లిన నేను ఆ క్యూ అంతా వెతికాను, పెద్ద కంపెనీల లాభం ఎక్కడా కనిపించలేదు. అది ఎప్పుడో సముద్రం దాటేసింది.

దాని దారే వేరు. 2017లో గూగుల్ వారి సొమ్ము 1,990 కోట్ల యూరోలు రాయల్టీ వేషం కట్టుకుని, నెదర్లాండ్స్‌లో ఒక డొల్ల కంపెనీలో కాసేపు నడుం వాల్చి, బెర్ముడా చేరింది. అక్కడ అప్పట్లో కార్పొరేట్ ఆదాయపు పన్ను సున్నా. ఈ విద్య పేరు ‘డబుల్ ఐరిష్, డచ్ శాండ్‌విచ్’. వింటుంటే ఆకలేస్తుంది, తిన్నవాళ్లు మాత్రం వేరే.

ఆపిల్ కథ ఇంకా రసవత్తరం. ఐర్లండ్‌లోని దాని కంపెనీలు లాభంలో సింహభాగాన్ని ‘హెడ్డాఫీసు’ ఖాతాలో రాసేవి. ఆ హెడ్డాఫీసు ఎక్కడని యూరోపియన్ కమిషన్ ఆరా తీస్తే, ఏ దేశంలోనూ లేదు. గది లేదు, కుర్చీ లేదు, కనీసం బంట్రోతు లేడు. ‘నాకు ఏ దేశమూ లేదండీ’ అని మావాడు వీసా కిటికీ దగ్గర అనుంటే ఏమయ్యేదో! 2014లో ఆ ఐర్లండ్ కంపెనీల్లో ఒకదాని లాభం మీద పడ్డ పన్ను 0.005 శాతమని కమిషన్ తేల్చింది. అంటే 10 లక్షల యూరోలకు 50 యూరోలు. మావాడి వీసా దరఖాస్తు ఫీజే 205 డాలర్లు.

ఐర్లండ్‌కు 1,300 కోట్ల యూరోలు కట్టమని 2016లో కమిషన్ ఆపిల్‌ను ఆదేశించింది. ఐర్లండ్ ‘వద్దు మొర్రో’ అంటూ కోర్టుకెక్కింది. బాకీ వసూలు చేసుకోమంటే బాకీదారు తరఫున వకాల్తా పుచ్చుకున్న షావుకారును నేనైతే ఎరగను. ఐర్లండ్ 8 ఏళ్లు పోరాడి, 2024 సెప్టెంబరులో ఓడిపోయింది. పాపం, డబ్బు పుచ్చుకోక తప్పలేదు.

పెద్ద కంపెనీలు ఎక్కడున్నా కనీసం 15 శాతం కట్టాలని 2021లో 136 దేశాలు ఒప్పుకున్నాయి. 2025లో గద్దెనెక్కిన రోజే ట్రంప్‌గారు ఆ ఒప్పందం అమెరికాలో చెల్లదన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. దయ ఎవరి మీదో, దండన ఎవరికో వేరే చెప్పాలా?

మావాడు ఆ పిడుగు పడకముందే గట్టెక్కాడు. ఇప్పుడు జీతంలో 6.2 శాతం అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛను పథకానికి పోతోంది. హెచ్1బీ గడువు మామూలుగా 6 ఏళ్లు, ఆ పింఛను అందాలంటే 10 ఏళ్లు కట్టాలి. మనకూ అమెరికాకూ దీనిపై ఒప్పందం లేదు కాబట్టి, మధ్యలో తిరిగొస్తే కట్టిందంతా అమెరికన్ తాతయ్యలకు కానుక.

ఇదంతా విని అక్క అంది, “ఒరే, వాడి జీతాన్ని కూడా ఆ బెర్ముడా దారిలో పంపకూడదురా?”

“దానికి ముందు వాడు కంపెనీ అయిపోవాలక్కా.”

అక్క కాసేపు ఆలోచించింది.

“అందుకు బాలాజీకి ఎన్ని ప్రదక్షిణలురా?”