సర్వే సందేశము: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము

“నమస్తే ఆంటీలూ, అంకుల్స్! నేను లండన్‌లో ఫైనల్ ఇయర్ డ్రామా స్టూడెంట్‌ని. ఇమ్మర్సివ్ థియేటర్ మీద డిసర్టేషన్ రాస్తున్నా. స్లీప్ నో మోర్ లాంటిది ఎప్పుడైనా చూశారా? చిన్న సర్వే, అయిదు నిమిషాలే. పేర్లు అక్కర్లేదు. శుక్రవారం లోపు ప్లీజ్!”

అవతారిక

ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుండక, ప్రదర్శనశాల యంతయు యథేచ్ఛగా తిరుగుచు కథ నడుమనే మసలునట్టి నాటకవిశేషమును సిద్ధాంతవ్యాసమునకు విషయముగా నెన్నుకొని, తీరా కలము చేపట్టునాటికి ఆ రీతికి మకుటాయమానమైన ప్రదర్శనము మూతపడిపోగా, చూచినవారి జ్ఞాపకము తప్ప వేరు ప్రమాణము కానరాక, ఒకానొక తెలుగు కన్యక తల్లిదండ్రుల స్నేహితులున్న వాట్సాప్ గుంపును శరణుజొచ్చి యిట్లు పలుకుచున్నది.

టీక

ఆంటీలూ, అంకుల్స్ = రక్తసంబంధము లేకున్నను సర్వే నింపు ఋణానుబంధము గలవారలారా; నమస్తే = గడచిన సంక్రాంతికి పలుకరింపని దోషమును మన్నింపుడు; రాస్తున్నా = ఇంకను మొదలిడలేదు; చిన్న = మూడు పుటలు గల; అయిదు నిమిషాలే = ఇచటి యేకారము అవధారణార్థకము, తొలిపుటకు మాత్రమే యన్వయించును (‘పది’ యని పాఠాంతరము; అది నిజాయితీపరుల పాఠమగుటచే వ్యాప్తిలోనికి రాలేదు); పేర్లు అక్కర్లేదు = ఇది యౌదార్యము కాదు, విశ్వవిద్యాలయమందలి నైతిక పరిశీలక సంఘమువారి కట్టడి; శుక్రవారం లోపు = గురువుగారికి గడచిన శుక్రవారమునకే మాట యిచ్చియుండుటచేత. ప్లీజ్ = స్పష్టము.

తాత్పర్యము

నేను చూడని నాటకమును మీరు చూచియుందురు. చూచినది చెప్పితిరేని, నేను చూచినట్లే వ్రాసి గట్టెక్కుదునని భావము.

విశేషము

‘స్లీప్ నో మోర్ లాంటిది’ యనుచోట గ్రంథసారమంతయు నిమిడియున్నది. ఫెలిక్స్ బారెట్ 2000లో ఇంగ్లండున నెలకొల్పిన పంచ్‌డ్రంక్ సంస్థవారు మాక్బెత్ కథను గైకొని, 2003లో లండనునందును, 2009లో బోస్టను చెంతను ప్రదర్శించి, పిదప 2011లో న్యూయార్కు నగరపు చెల్సీ ప్రాంతమున పాతకట్టడములకు హోటలువేషము కట్టించి యందు నిలిపిన నాటకమిది. 2025 జనవరిలో మూతపడువరకును ఆ హోటలున రాత్రి బసచేసిన యతిథి యొక్కడును లేడు. మెకిట్రిక్ అను దాని పేరు సైతము హిచ్‌కాక్ తీసిన వెర్టిగో చిత్రమునుండి తెచ్చుకొన్న యెరువుసొమ్ము.

గుమ్మమున నొక పేకముక్క చేతికిత్తురు. దానిని బట్టి పిలుపు వచ్చును. క్రిందిభాగము ముందునకు పొడుచుకొనివచ్చిన తెల్లని ముసుగును మొగమునకు తగిలింతురు. మాటాడరాదు. లిఫ్టు నడపువాడు ఒక యంతస్తున తలుపు తెరచి, ఒక్కరిని మాత్రము దిగనిచ్చి, వెంట దిగబోవు వారికి చేయి యడ్డుపెట్టి తలుపు మూయును. ఆపై నీ యిష్టము: సొరుగులు లాగి యొరుల జాబులు చదువుకొనవచ్చును, నటుని వెంట మెట్లపై పరుగిడవచ్చును. పాత్రల కథ గంటసేపు సాగి మరల మొదలగును. ఇట్లు మూడావృత్తులు గడచిన మీదట, ఎల్లరును విందుబల్ల చెంతకు చేరుదురు. అయినను లేడీ మాక్బెత్ వెంట నంటిపోయినవానికి ఆ గడియలో మంత్రగత్తెలు దక్కరు. కావున నీ నాటకమున నెంత చురుకైన వానికైనను చూచినదానికంటె తప్పిపోయినదే యధికము. పరిశోధకురాలు వెదకవలసినది ఆ తప్పిపోయినదానినే యని నా మతము. సర్వేలో దానికి గడి లేదు.

భరతుడు 64 హస్తముల పొడవును 32 హస్తముల వెడల్పును గల మధ్యమ నాట్యమండపమును రెండు సగములు చేసి, ఒక సగమును ప్రేక్షకునికి ఖాయపరచెను. ఆ గీతను చెరిపివేయుట లండనువారి క్రొత్తకల్పన యేమియు గాదు. 1968లో రిచర్డ్ షెక్నర్ న్యూయార్కున నొక గ్యారేజిలో డయోనైసస్ ఇన్ 69 ఆడించెను. తరువాతి దశకమున బాదల్ సర్కార్ కలకత్తాలో రంగస్థలమును విడిచి, గదిలో ప్రేక్షకుల నడుమనే ఆడించెను. మన యమ్మాయి తొలియధ్యాయమున షెక్నరును చేర్చును, బాదల్ సర్కారును మరచును. పరీక్షకులును మరతురు గాన మార్కులకు భయము లేదు.

ఇక ‘మీరు కథలో ఎంత లీనమయ్యారు? 1 నుంచి 5 వరకు మార్కులేయండి’ యను ప్రశ్నను గూర్చి. అభినవగుప్తుడు రసవిఘ్నములను ఏడింటిని లెక్కించుచు, ప్రేక్షకుడు తన సుఖదుఃఖములకు తానే వశుడగుటను వానిలో నొకటిగా చేర్చెను. ముసుగులోపల కళ్లజోడుకు ఆవిరి కమ్మి, మోకాలు నొచ్చి, ప్రక్కగదిలో నేమి జరిగిపోవుచున్నదో యను బెంగతో మెట్లెక్కువాడు రసమున మునిగెనా, తనలో తాను మునిగెనా? కూర్చుండి చూచువాడును క్రియాశీలుడే యని ఫ్రెంచి తాత్త్వికుడు జాక్ రాన్సియేర్ 2008లోనే వాదించియుండగా, పరుగిడుటనే లీనమగుటగా లెక్కించుట యేమి న్యాయము? త్రోసికొనిపోగల వానికే ఫలము దక్కు వ్యవస్థ యని ఈ రీతిని ఆడమ్ ఆల్‌స్టన్ 2016 నాటి గ్రంథమున విమర్శించినాడు. ఆ మాట యమ్మాయికి పనికివచ్చును.

గురువారము రాత్రి న్యూజెర్సీనుండి యొక ఆంటీ, మార్కుల గడులన్నియు వదలి, ‘ఇతర వ్యాఖ్యలు’ అనుచోట నిట్లు నింపినది: “మా ఆయన్ని లిఫ్టువాడు వేరే ఫ్లోర్లో దింపేశాడమ్మా. నేను మూడు గంటలూ ఆయన్నే వెతికా, ముసుగుల్లో అందరూ ఒకేలా ఉన్నారు. ఆయనేమో ఎవరో నర్సు వెంట తిరిగాట్ట. ఇంటికొచ్చాక ఇద్దరం కథ చెప్పుకుంటే రెండు వేరు వేరు నాటకాలు. ఈయనది కూడా నేనే నింపేయనా?”

ఒకరి బదులుగా నింకొకరు నింపరాదని సంఘమువారి నియమము. గడువు మరునాడే గాన అమ్మాయి “నింపేయండి ఆంటీ” యని బదులిచ్చినది.